పదకొండు అనే అంకె: ఇంజనీరు కంటే ముందు విడిభాగాలు పంపిన ఒక కేసు

బియ్యంలోని నల్ల గింజలను, రంగు మారిన గింజలను, రాళ్లను కెమెరాతో గుర్తించి గాలితో కొట్టి వేరుచేసే యంత్రాన్ని ఏ కంపెనీ తయారుచేసినా మన మిల్లుల్లో సార్టెక్స్ అనే పిలుస్తారు. నిజానికి అది ఒక తయారీదారు పేరు. మేము సర్వీసు చేసేవి వేరే తయారీ యంత్రాలే అయినా, సీజనులో ఫోను ఎత్తగానే వినిపించే మొదటి మాట మాత్రం "సార్టెక్స్ సరిగా కొట్టట్లేదు సార్" అనే. హైదరాబాదులోని సర్వీసు కేంద్రంలో విడిభాగాల స్టోరు, ఇంజనీర్ల ప్రయాణాల ఏర్పాటు రెండూ నా బాధ్యతలు. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండటం వల్లే ఇక్కడ వివరించబోయే పొరపాటు నాకు పూర్తిగా కనిపించింది. దానికి కారణం కూడా నేనే.

విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. యంత్రం చెడిపోయిందని కబురు వచ్చినప్పుడు, ఇంజనీరు ముందు వెళ్లి చూసి, ఏ భాగం కావాలో చెప్పి, తిరిగి వచ్చి, ఆ భాగంతో మళ్లీ వెళ్లడం పాత పద్ధతి. హైదరాబాదు నుంచి మిర్యాలగూడకు సుమారు 150 కిలోమీటర్లు. రెండుసార్లు పోయి రావడానికి సీజనులో ఇంజనీరుకు నాలుగు రోజులు పోతాయి. అందుకని ఫోనులోనే లోపాన్ని అంచనా వేసి, కావలసిన భాగాలను బస్సు కార్గోలో మిల్లుకు ముందే పంపి, మర్నాడు ఇంజనీరును పంపే పద్ధతికి మారాము. కాగితం మీద అది చక్కగా ఉంది.

మిల్లుకు తొందర ఎందుకో ముందు చెప్పాలి. ప్రభుత్వం మరపట్టమని ఇచ్చిన ధాన్యానికి మిల్లరు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. రంగు మారిన గింజలు పచ్చి బియ్యంలో 3 శాతానికి, ఉప్పుడు బియ్యంలో 5 శాతానికి మించకూడదు. సార్టెక్స్‌లో గింజను గాలితో కొట్టే ఎజెక్టర్లు కొన్ని పనిచేయకపోతే నల్ల గింజ మంచి బియ్యంలోకి జారిపోతుంది. అది ఆపడానికి ఆపరేటరు సెన్సిటివిటీ పెంచుతాడు, లేదా సరుకును రెండోసారి పోస్తాడు. అప్పుడు పనిచేస్తున్న ఎజెక్టర్లు నల్ల గింజతోపాటు పక్కనున్న మంచి గింజలను కూడా కొట్టి రిజెక్షన్‌లోకి పంపేస్తాయి. అంటే యంత్రం ఆగకుండా తిరుగుతూనే మిల్లరు 67 కిలోల లెక్కను తినేస్తుంటుంది. ఆగిన యంత్రం కంటే ఇలా సగం పనిచేసే యంత్రమే మిల్లరుకు ఎక్కువ నష్టం. ఫోన్లు కూడా ఇలాంటి సందర్భాల్లోనే ఎక్కువ వస్తాయి.

కేసు ఇది. డిసెంబరులో ఒక సోమవారం సాయంత్రం, మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక మిల్లు నుంచి ఆపరేటరు ఫోను చేశాడు. యంత్రానికి ఐదు చ్యూట్లు, అంటే బియ్యం జారే వాలు దారులు, ఒక్కో చ్యూటుకు 64 చొప్పున మొత్తం 320 ఎజెక్టర్లు. మూడో చ్యూటు నుంచి నల్ల గింజ జారుతోందని చెప్పాడు. ఈ యంత్రంలో ఎజెక్టర్లను ఒకదాని తర్వాత ఒకటి కొట్టించే పరీక్ష ఉంటుంది. ఒకటో నంబరు నుంచి అరవై నాలుగు దాకా "టప్, టప్" మని వరసగా శబ్దం వస్తుంది, చచ్చిపోయిన నంబరు దగ్గర మాత్రం నిశ్శబ్దం. గాలి తగులుతోందో లేదో తెలియడానికి నాజిల్ ముందు చెయ్యి పెట్టి చూడమన్నాము. మిల్లు రొదలో కూడా అతను ఓపికగా చేసి, పనిచేయని నంబర్లు చదివి చెప్పాడు: 9, 17 నుంచి 24 దాకా, తర్వాత 41, 58.

ఫోను అందుకున్న మా కుర్రవాడు ఈ నంబర్లను విని, కూడి, స్టోరు చీటీ మీద "3వ చ్యూటు: 11 ఎజెక్టర్లు పనిచేయడం లేదు" అని రాశాడు. ఆ చీటీ నా బల్ల మీదకు వచ్చింది. పదకొండుకు ఒకటి అదనంగా కలిపి పన్నెండు ఎజెక్టర్లు, ఒక సీలు కిట్టు పంపమని నేనే సంతకం పెట్టాను.

ఇలాంటి యంత్రాల మీద రోజూ పనిచేసేవారు ఈ వాక్యం దగ్గరే ఆగిపోతారు. పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా ఎనిమిది ఎజెక్టర్లు, ఒకటి పక్కన ఒకటి, ఒకే రోజు చచ్చిపోవు. అవి ఎనిమిదేసి చొప్పున, వాటిని కొట్టించే ఒక్కో డ్రైవరు బోర్డుకు కలిసి ఉంటాయి. వరసగా ఎనిమిది పోయాయంటే పోయింది బోర్డైనా కావాలి, దాని ఫ్యూజైనా కావాలి, కనెక్టరైనా కావాలి. అక్కడొకటి ఇక్కడొకటిగా పోయిన మూడే నిజంగా ఎజెక్టరు లోపాలు. ఆపరేటరు చెప్పిన మాటలో లోపం ఏమిటో పూర్తిగా ఉంది. పదకొండు అనే అంకెగా మారిన క్షణంలో అది పోయింది. కూడిక తప్పు కాదు. అసలు కూడటమే తప్పు.

పెట్టె మంగళవారం మధ్యాహ్నం బుక్ అయింది, అదే రాత్రి మిర్యాలగూడ బస్టాండు చేరింది. ఇంజనీరు బుధవారం ఉదయం తొమ్మిదింటికి మిల్లులో దిగాడు. పెట్టె మిల్లులో లేదు. పార్సిలు మీద మేము రాసినది మిల్లు యజమాని పేరు, ఆయన ఫోను నంబరు. పార్సిలు వచ్చిందన్న మెసేజి ఆయనకే వెళ్లింది. ఆయన బియ్యం అప్పగింత పని మీద పొద్దున్నే నల్గొండ వెళ్లారు. కౌంటరువారు రసీదు వివరాలు, నంబరు లేనిదే పెట్టె ఇవ్వరు. ఇవ్వకపోవడమే సరైన పద్ధతి. గుమస్తా యజమానికి ఫోను చేసి, ఆయన మెసేజి పంపించి, ఒక మనిషిని మోటారు సైకిలు మీద పంపి తెప్పించేసరికి పన్నెండున్నర దాటింది. ఇంజనీరు కంటే ముందు చేరాలని పంపిన పెట్టె అతని కోసం రాత్రంతా బస్టాండులో ఉంది. ఇంజనీరు మిల్లులో మూడున్నర గంటలు దాని కోసం ఎదురుచూశాడు.

పెట్టె విప్పి మూడు విడి ఎజెక్టర్లు మార్చగానే 9, 41, 58 కొట్టడం మొదలుపెట్టాయి. 17 నుంచి రెండు కొత్తవి బిగించి చూశాడు, కదలలేదు. అప్పుడు మూడో చ్యూటు బోర్డు విప్పి, నాలుగో చ్యూటులోని అదే రకం బోర్డు పెట్టి చూడగా ఎనిమిదీ కొట్టాయి. సంగతి తేలిపోయింది. కానీ బోర్డు పెట్టెలో లేదు, అతని సంచిలోనూ లేదు. పెట్టెలో అన్నీ వచ్చేస్తున్నాయి కదా అని, మామూలుగా మోసుకెళ్లే సంచిని ఆ ప్రయాణానికి తేలిక చేసుకున్నాడు. ముందే పంపే పద్ధతి వల్ల కలిగే ఈ రెండో నష్టాన్ని మేము ముందు ఊహించలేదు. పెట్టె మీద నమ్మకం పెరిగినకొద్దీ ఇంజనీరు సంచి ఖాళీ అవుతుంది. పెట్టె తప్పినప్పుడు రెండూ తప్పుతాయి.

ఆ సాయంత్రం అతను చేసిన పని మాత్రం ఈ కేసులో అన్నింటికంటే మెచ్చుకోదగినది. ఐదో చ్యూటు నుంచి ఒక బోర్డు తీసి మూడో చ్యూటుకు పెట్టి, ఐదో చ్యూటుకు వైబ్రేటరు ఆపి, దానికి బియ్యం పోకుండా హాపరు దగ్గర మూత బిగించాడు. నాలుగు చ్యూట్ల మీద మిల్లు రాత్రంతా నడిచింది. వేగం తగ్గింది, కానీ నాణ్యత తగ్గలేదు. బోర్డును గురువారం రెండో పెట్టెలో పంపాము. శుక్రవారం ఉదయం అతను బిగించి తిరిగి వచ్చాడు. పాత పద్ధతిలో రెండుసార్లు వెళ్లి ఉంటే ఎన్ని రోజులు పట్టేదో, ముందే పంపిన తర్వాత కూడా అన్నే పట్టాయి. పైగా ఇంజనీరు రెండు రాత్రులు లాడ్జిలో ఉన్నాడు.

గాలి సంగతి

ఆ మూడు విడి ఎజెక్టర్ల గురించి వేరుగా చెప్పాలి. విప్పి చూస్తే లోపల జిగురుగా, తవుడు పట్టిన నూనె మరక ఉంది. సార్టెక్స్‌కు పొడి గాలి, నూనె లేని గాలి కావాలి. కంప్రెసరు తర్వాత డ్రైయరు, ఫిల్టర్లు అందుకే ఉంటాయి. ఇంజనీరు ఫిల్టరు గిన్నె కింది డ్రెయిన్ తిప్పగానే అతని అరచేతిలోకి పాలలా తెల్లబడిన నూనె నీళ్లు వచ్చాయి. నీళ్లను దానంతట అదే వదలాల్సిన ఆటో డ్రెయిన్ ఇరుక్కుపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు. ఆ డ్రెయిన్ బాగుచేయకుండా మూడు కొత్త ఎజెక్టర్లు బిగించి వచ్చి ఉంటే, కొద్ది వారాల్లో ఆ మూడూ, వాటితోపాటు ఇంకొన్నీ అదే దారి పట్టేవి.

ముందే పంపే పద్ధతిలో నాకు అన్నింటికంటే భయం కలిగించేది ఇదే. ఇంజనీరు ఒట్టి చేతులతో వెళ్తే కారణం వెతుకుతాడు. చేతిలో భాగం ఉన్నవాడు ఆ భాగం మార్చి, యంత్రం పలకగానే సంతకం పెట్టించుకుంటాడు. సీజనులో తర్వాతి మిల్లు నుంచి మూడు ఫోన్లు వచ్చి ఉంటే ఇంకా త్వరగా. ఈ ఇంజనీరు డ్రెయిన్ తిప్పి చూశాడు కాబట్టి బయటపడింది. అందువల్ల ఎజెక్టర్లు ఉన్న ప్రతి పెట్టెలోనూ ఒక ఫిల్టరు ఎలిమెంటు పెడుతున్నాము. దాన్ని మార్చకుండా, లేదా మార్చనక్కరలేదని ఫొటో తీయకుండా ఆ పని ముగిసినట్టు రాయడానికి వీల్లేదు. ఎలిమెంటు ఖరీదు పెద్దది కాదు. దాన్ని మార్చడానికి గిన్నె విప్పక తప్పదు, విప్పితే నీళ్లు కనిపించక తప్పదు.

ఏది పెట్టెలో, ఏది సంచిలో

మార్పులు చేసినప్పుడు మొదట తేల్చుకున్నది, ఫోను మీద నిర్ణయించదగిన లోపాలు ఏవి, కానివి ఏవి అన్నది. అరిగిపోయే సామాన్లు, అంటే వైపరు బ్లేడ్లు, ఫిల్టరు ఎలిమెంట్లు, సీళ్లు, లైట్ల వంటివి నిస్సంకోచంగా ముందు పంపవచ్చు. తప్పు పంపినా ఎప్పుడో ఒకప్పుడు ఆ మిల్లుకే పనికి వస్తాయి. వీటిలో కొన్నింటికి ఇంజనీరే అక్కరలేదని తర్వాత తెలిసింది. కెమెరా ముందున్న అద్దాన్ని తుడిచే వైపరు బ్లేడును ఆపరేటరు వీడియో కాల్‌లో చూస్తూ పది నిమిషాల్లో మార్చగలడు. ముందే పంపడం వల్ల ఇంజనీరు ఒకసారి వెళ్తే సరిపోతుందని మేము మొదలుపెట్టాము. కొన్ని కేసుల్లో అసలు వెళ్లనక్కరలేదన్నది మేము కోరుకోకుండానే దొరికిన లాభం.

ఎజెక్టర్లు, డ్రైవరు బోర్డులు మధ్యరకం. వీటికి నంబర్ల వరస తప్పనిసరి. స్టోరు చీటీలో లెక్క రాసే గడి తీసేశాము. బదులుగా ఒక్కో చ్యూటుకు 64 చిన్న గళ్లు, ఎనిమిదేసి చొప్పున గీతలతో విడగొట్టి అచ్చు వేయించాము. ఆపరేటరు చెప్పిన నంబరును గడిలో నల్లగా నింపాలి, అంతే. రెండు గీతల మధ్య ఎనిమిది గళ్లూ నల్లబడితే స్టోరు కుర్రవాడికి కూడా బోర్డు అని తెలిసిపోతుంది. తెలియకపోయినా నాకు కనిపిస్తుంది. దానితోపాటు బోర్డు మీది లేబులు ఫొటో తప్పనిసరి చేశాము, ఎందుకంటే ఒకే రకం యంత్రంలో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి బోర్డు మారుతుంది, కనెక్టరు పిన్నులు తేడాగా ఉంటాయి.

కెమెరాలు, వాటి బోర్డులు మాత్రం ముందు పంపము. వాటిని బిగించిన తర్వాత కాలిబ్రేషన్ చేయాలి, అది ఇంజనీరే చేయాలి. పైగా వాటిని స్టాటిక్ తగలని సంచిలోనే ఉంచాలి. ఒక మిల్లులో ముందే చేరిన బోర్డును అక్కడి ఎలక్ట్రీషియన్ "ఇంజనీరు వచ్చేలోపు చూద్దాం" అని సంచి చించి, ఊక దుమ్ములో బల్ల మీద పెట్టి, తనే బిగించబోయాడు. ఇంజనీరు వెళ్లేసరికి పాత లోపం ఏదో, కొత్త లోపం ఏదో తేల్చడానికి పూట గడిచింది. ఆ ఎలక్ట్రీషియన్‌ను తప్పుపట్టలేను. ఆగిన మిల్లులో, కళ్ల ముందు పెట్టెలో భాగం ఉండగా చేతులు కట్టుకుని కూర్చోమనడం అన్యాయం. అలాంటి పెట్టెను అతని ముందు పెట్టినది మేము.

రెండో మార్పు పార్సిలు మీది పేరు. ఇప్పుడు పేరు గుమస్తాది లేదా ఆపరేటరుది. మిల్లు పేరు, జీఎస్టీ నంబరు కాగితాల్లో ఎలాగూ ఉంటాయి. యజమానికి మర్యాదగా ఫోను చేసి "సార్, పెట్టె ఫలానా ఆయన పేరు మీద పంపుతున్నాము" అని చెబుతాము. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మూడోది, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది, ఇంజనీరు బయలుదేరే రోజును పెట్టె బుక్ చేసిన రోజుతో ముడిపెట్టడం మానేశాము. గుమస్తా పెట్టెను మిల్లులో పెట్టుకుని, టేపు తెంచకుండా, మూత మీది నంబరు కనిపించేలా ఫొటో పంపాలి. ఆ ఫొటో వచ్చిన తర్వాతే ఇంజనీరు పేరు మా ఆఫీసు ప్రయాణాల బోర్డు మీద ఎక్కుతుంది. మొదట్లో మా ఇంజనీర్లే దీన్ని విసుక్కున్నారు, ఎందుకంటే సాయంత్రం ఏడింటికి ఫొటో వస్తే తెల్లవారుజామున బస్సు ఎక్కాలి. అయినా బస్టాండులో ఉన్న పెట్టె కోసం మిల్లులో కూర్చోవడం కంటే అది నయమని వాళ్లే ఒప్పుకున్నారు.

కాగితాలు, తిరుగు పెట్టె

పంపినవన్నీ వాడతామని లేదు కాబట్టి, పంపేటప్పుడే ఇన్వాయిస్ వేయడం వల్ల తర్వాత క్రెడిట్ నోట్ల తలనొప్పి వస్తుంది. మేము డెలివరీ చలానా మీద, అంటే అమ్మకం బిల్లు కాకుండా సరుకు పంపిన కాగితం మీద, పంపుతాము. మూడు ప్రతుల్లో మొదటిది అందుకునేవారికి, రెండోది రవాణాదారుకు, మూడోది మాకు. పెట్టె విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం, ఉండాలి. 200 కిలోమీటర్ల దాకా దానికి ఒక రోజు గడువు కాబట్టి మిర్యాలగూడకు సరిపోతుంది, గోదావరి జిల్లాలకు సరిపోదు. అంగీకారం మీద, అంటే వాడితేనే కొనేలా, పంపిన సరుకుకు, కొనుగోలు ఖాయమైనప్పుడు గానీ పంపిన నాటి నుంచి ఆరు నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు ఇన్వాయిస్ వేయాలి. వాడినవాటికి ఇంజనీరు మిల్లులోనే ఇన్వాయిస్ ఇస్తాడు. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్ మిల్లుకు వెళ్లినదైతే అంతర్రాష్ట్ర పన్ను పడుతుంది. వారంటీ కింద తయారీదారు అదనంగా డబ్బు తీసుకోకుండా మార్చిన భాగాలపై పన్ను పడదని, వాటి కొనుగోలులో కట్టిన పన్నుకు తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వనక్కరలేదని 2023 జూలై 17 నాటి సర్క్యులరులో స్పష్టత వచ్చింది. అంతకు ముందు ఈ విషయంలో ఒక్కో ఆడిటరుది ఒక్కో మాట.

ఆరు నెలల గడువు ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఈ కేసులో వాడని తొమ్మిది ఎజెక్టర్లు మా స్టోరుకు తిరిగి వచ్చేసరికి సంక్రాంతి వెళ్లి నెల అయింది. గుమస్తా వాటిని జాగ్రత్తగా గల్లాపెట్టె పక్కన దాచాడు. ఎవరికి, ఎలా పంపాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంజనీరు ప్రయత్నించి చూసిన రెండింటి ప్యాకెట్లు చిరిగి ఉండటంతో, అవి కొత్తవో పాతవో తేల్చడానికి మళ్లీ పరీక్ష బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. సీజను మధ్యలో తొమ్మిది ఎజెక్టర్లు స్టోరులో లేకపోవడమంటే, ఇంకో మిల్లుకు "రెండు రోజులు ఆగండి" అని చెప్పడమే.

ఇప్పుడు పెట్టె లోపల అడుగున తిరుగు చిరునామా అంటించిన సంచి, టేపు ముక్క ఉంటాయి. చెడిపోయి తీసినవి, వాడనివి రెండూ అందులోనే పెట్టి, ఇంజనీరు తిరుగు ప్రయాణంలో అదే బస్టాండులో బుక్ చేసి రసీదు ఫొటో పంపాలి. ఆ రసీదు లేనిదే అతని ప్రయాణ ఖర్చుల బిల్లు నా దగ్గర ముందుకు కదలదు. కఠినంగా ఉందని ఒకరిద్దరు అన్నారు. చెడిపోయిన భాగం తిరిగి వస్తే తప్ప అది ఎందుకు చెడిందో తెలియదని, ఆ నూనె మరక పట్టిన మూడు ఎజెక్టర్లను బల్ల మీద పెట్టి చూపించాను.

మా దగ్గర ఇంకా తేలని వాదన ఒకటి ఉంది. యాసంగి ధాన్యం ఏప్రిల్‌లో మిల్లులకు చేరకముందే, పెద్ద మిల్లుల్లో ఒక చిన్న భాగాల పెట్టెను శాశ్వతంగా ఉంచాలని, వాడినప్పుడే బిల్లు వేయాలని అమ్మకాల విభాగంవారు అంటున్నారు. నాకు అది ఇష్టం లేదు: మిల్లులో ఉన్న పెట్టెలోని ఎజెక్టర్లు పాతవో కొత్తవో, ఏవి ఎప్పుడు వాడారో ఆర్నెల్లకు ఎవరికీ తెలియదు, చలానా గడువు కూడా అప్పటికే తీరిపోతుంది. అయితే ఆ డిసెంబరు రాత్రి డ్రైవరు బోర్డు ఒకటి ఆ మిల్లులోనే ఉండి ఉంటే ఐదో చ్యూటు మూయనక్కరలేదన్నది వారి మాట. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు మిల్లుల్లో, తాళం వేసిన పెట్టెలో, ఒక్కో డ్రైవరు బోర్డు, నాలుగు ఎజెక్టర్లు పెట్టి, నెలకోసారి గుమస్తా ఫొటో పంపే ఏర్పాటుతో ఈ యాసంగికి మొదలుపెడుతున్నాము.